భుజంగరావుగారి సోలారు

సూరత్ పక్కన హజీరాలో ఓ విద్యుత్తు కంపెనీలో మేనేజరైన భుజంగరావుగారు ఏ వస్తువైనా కొనేది వాడడానికి కాదు, కాపాడడానికి. ఆయనింట్లో టీవీ రిమోటు ఇంకా ప్లాస్టిక్ సంచిలోనే ఉంటుంది. సోఫా మీద దుప్పటి, ఆ దుప్పటి మాయకుండా దాని మీద తువ్వాలు. ఈమధ్య డాబా మీద చిన్న సోలారు ప్యానెలు పెట్టించి, వైఫైని దానికి కలిపించారు. వారం తిరక్కుండానే, కూతురు అమూల్య ఆన్‌లైన్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూ ఇస్తుండగా వైఫై ఆగిపోయింది. "ఈ సూరత్‌లో ఎండ కూడా కల్తీయే," అని ఆయన విసుక్కున్నారు. అమూల్య డాబా ఎక్కి చూసింది. పర్వత్ పాటియా బట్టల బజారులో కొన్న పువ్వుల చీరగుడ్డతో కుట్టించిన తొడుగులో, నాలుగు మూలలా నాడాలు బిగించుకుని, ప్యానెలు చల్లగా పడుకుని ఉంది.

"ఇదేంటి నాన్నా?"

"నిన్ననే తొడిగానమ్మా," అన్నారాయన. "కొత్తది కదా, ఎండకి పాడైపోదూ?"