ఒరెస్ట్ కావాలని చెడగొట్టిన పరీక్ష

మా అక్క లెస్యా కొడుకు ఒరెస్ట్ ఐస్ హాకీ పెద్ద లీగులో ఆడాడని మా ఊళ్ళో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. రింక్ అనే మా మంచు ఆటస్థలం గుమ్మం దగ్గర వాడి ఫొటో కూడా పెట్టారు. దాని కింద నిలబడి, వాడు ఎవరెవర్ని ఎలా పడగొట్టాడో కథలు కథలుగా చెప్పేవాళ్ళకి కొదవలేదు. వాడు తిన్న దెబ్బల సంగతి మాత్రం ఒక్కడూ ఎత్తడు. అందుకే ఇది నేను చెప్తున్నాను. రింక్‌లో క్యాంటీన్ నాది. వాడు మొదటిసారి స్కేట్లు కట్టుకున్న రోజు కూడా నేను కౌంటర్ వెనకే ఉన్నాను.

చిన్నప్పుడు వాడికి ముందుకు జారడం సరిగ్గా వచ్చేది కాదు. వెనక్కి మాత్రం బ్రహ్మాండంగా పోయేవాడు. పశువుల కొట్టం వెనక నీళ్ళగుంట గడ్డకట్టగానే మా బావ వాసిల్ దానిమీద మంచు ఊడ్చి, కొడుకుని అక్కడ నిలబెట్టేవాడు. తను కర్రతో పక్‌ని, ఆ నల్ల రబ్బరు బిళ్ళని, తోసుకుంటూ మీదికి వస్తుంటే వీడు వెనక్కి వెనక్కి జరిగేవాడు. "పక్ వంక చూడకురా, అది మోసం చేస్తుంది. మనిషి రొమ్ము చూడు, అది ఎటు తిరిగితే వాడటే వస్తాడు," అని అరిచేవాడు బావ. పిల్లాడి ముక్కు చలికి ఎర్రగా కందిపోయేది. అయినా లోపలికి రమ్మంటే వచ్చేవాడు కాదు.

అలా వాడు డిఫెన్స్‌లో కుదురుకున్నాడు. గోల్ కొట్టేవాడికి చప్పట్లు. డిఫెన్స్ వాడి పని వేరు. మన గోల్ ముందు పరాయివాణ్ణి నిలబడనివ్వకూడదు, వస్తే పడెయ్యాలి, పక్ దూసుకొస్తే ఒళ్ళు అడ్డం పెట్టాలి. ఒరెస్ట్‌కి ఒళ్ళు అడ్డం పెట్టడంలో భయం ఉండేది కాదు. ఆ భయం కొంచెం ఉండుంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది.

వాడికి పద్నాలుగేళ్ళప్పుడు ఒకడు వాణ్ణి రింక్ చుట్టూ ఉండే చెక్కగోడకేసి కొట్టాడు. ఆట అయ్యాక నా దగ్గరికొచ్చి గ్రేవీ పోసిన ఫ్రైస్ తిన్నాడు. వెళ్ళి కాసేపటికి మళ్ళీ వచ్చాడు.

"పిన్నీ, ఫ్రైస్ పెట్టవా? పొద్దుట్నించీ ఏం తినలేదు."

వాడి గడ్డం మీద గ్రేవీ ఇంకా ఆరలేదు. కాఫీ తాగుతున్న మగాళ్ళంతా ఘొల్లుమన్నారు.

"దిమ్మ తిరిగిందిరా కుర్రాడికి! ఇప్పుడయ్యాడు అసలైన ఆటగాడు!" అన్నాడు కోచ్ మెల్నిక్, వాడి వీపు మీద చరుస్తూ.

"నవ్వడానికేముంది అందులో? డాక్టరుకి చూపించండి," అన్నాను.

"తలకేం కాదులే అమ్మా, లోపల ఉండేది గట్టి బుర్రే. పొద్దున్నకి సర్దుకుంటుంది."

సర్దుకుంది, లేదా సర్దుకున్నట్టు కనబడింది. మా వైపు కాలు విరిగినవాడి ఇంటికి ఊరంతా గిన్నెల్లో వంటలు మోసుకెళ్తుంది. తలనొప్పని ఆట మానేసినవాడికి మాత్రం పేరు పెడుతుంది. కీత్ అని ఒకడుండేవాడు. దెబ్బ తగిలాక వెలుతురు చూడలేక ఇంట్లో తెరలు దించుకుని కూర్చున్నాడు. వాడికి 'కర్టెన్ల కీత్' అని పేరు పెట్టారు. వాడు ఊరు వదిలిపోయేదాకా ఆ పేరు వదల్లేదు. ఒరెస్ట్ ఆ పేరు వింటూనే పెరిగాడు.

పదహారేళ్ళకి జూనియర్ జట్టులో చోటు దొరికి వేరే ఊరు వెళ్ళాడు, ఎవరింట్లోనో గది ఇచ్చారు. ఆ తర్వాత చిన్న లీగుల్లో ఏళ్ళ తరబడి బస్సుల్లోనే తిరిగాడు. మంచులో రాత్రంతా ప్రయాణం, పొద్దున్నే ఆట. ముందు పళ్ళు రెండు పోయాయి. ముక్కు వంకర తిరిగింది. ఇరవైమూడో ఏట పెద్ద లీగు నుంచి పిలుపు వచ్చింది. ఆ రోజు బావ ట్రాక్టరు దిగి పొలంలోనే కూర్చుని ఏడ్చాడు. వాడు అక్కడ ఆడిన మొదటి ఆట ఊరంతా రింక్‌లో చేరి పెద్ద టీవీలో చూసింది. నేనూ ఈల వేశాను. అంత సంతోషం మా ఊళ్ళో అంతకుముందు చూడలేదు.

రెండో వేసవికి ఇంటికి వచ్చినప్పుడు, అక్క బంగాళదుంప కూరి చేసిన పెరోగీలు తింటూ పరీక్ష సంగతి బయటపెట్టాడు. ఏదో తమాషా చెప్తున్నట్టే చెప్పాడు.

"సీజన్‌కి ముందు కంప్యూటర్ ముందు కూర్చోబెడతారు పిన్నీ. మాటలు చూపిస్తారు, బొమ్మలు చూపిస్తారు, గుర్తున్నవి నొక్కాలి. తర్వాత తలకి దెబ్బ తగిలితే మళ్ళీ అదే పరీక్ష. మొదటిసారి ఎంత చేశామో అంత చేస్తేనే ఆడనిస్తారు."

"మంచిదేగా," అంది అక్క.

"మంచిదే. అందుకే మొదటిసారే చెడగొట్టాలి. డిఫెన్స్‌లో నా జోడీ మెక్‌కేగ్ నేర్పాడు. 'తమ్ముడూ, సెప్టెంబర్లో మొద్దువైతే జనవరిలో ఆడతావు' అన్నాడు. నెమ్మదిగా నొక్కాలి, తెలిసినవి కూడా తప్పు చెప్పాలి. అందరూ చేసేదే."

బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "వీడు బళ్ళో కూడా అదే చేశాడు, పాపం అక్కడ నిజంగానే రాదు!"

అక్క నవ్వలేదు. గరిటె కింద పెట్టింది.

"మరి నిజంగా దెబ్బ తగిలితే వాళ్ళకెలా తెలుస్తుందిరా?"

"వాళ్ళకెందుకమ్మా? నాకు తెలుస్తుందిగా."

"దేంతో తెలుసుకుంటావు? దెబ్బ తగిలేది ఆ బుర్రకే కదరా!"

వాడు ఇంకో పెరోగీ వడ్డించుకున్నాడు. బావ గోధుమల ధర గురించి మొదలుపెట్టాడు.

ఆ వేసవిలో నేను చూసినవి చూశాను. ఇంట్లో కూడా నల్ల కళ్ళద్దాలు తీసేవాడు కాదు. గిన్నెలు చప్పుడైతే ఉలిక్కిపడి అక్క మీద అరిచేవాడు, అరిచాక ఎందుకు అరిచాడో తెలియనట్టు నిలబడేవాడు. ఒకరోజు మేకులు కొనుక్కొస్తానని ట్రక్కు తీసుకెళ్ళి, నాలుగు రోడ్ల కూడలి నుంచి ఫోన్ చేశాడు.

"అమ్మా, మనింటికి ఎటు తిరగాలి?"

పుట్టినప్పట్నించీ తిరిగిన దారి అది. "వేళాకోళం చాల్లే, రా," అన్నాడు బావ పక్కనుంచి. "ఆఁ, వేళాకోళమే," అన్నాడు వాడు ఫోన్ స్పీకర్లో. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు విని, వీడికి ఏదో మూడబోతోందని అప్పుడే అనుకున్నాను.

వెళ్ళేరోజు అక్క వాడి చొక్కా పట్టుకుని బతిమాలింది. "ఈసారి ఆ పరీక్ష సరిగ్గా చెయ్యరా. నాకోసం." వాడు తల ఊపాడు. సెప్టెంబర్లో ఫోన్ చేసినప్పుడు అదే అడిగింది.

"చేశావా?"

"చేశానమ్మా."

"సరిగ్గానా?"

"ఎప్పట్లాగే."

ఆ మాటతో అక్కకి నిద్ర కరువైంది. వాడి చోటు కోసం ఒక పంతొమ్మిదేళ్ళవాడు బెంచీ మీద కాచుకుని ఉన్నాడు. వాడికి ఆ చోటు ఇవ్వడం కంటే ఒరెస్ట్‌కి చావే నయం. ఆ పంతం తెలిసినదాన్ని కాబట్టే వాడి మీద నాకు జాలీ కోపమూ రెండూ ఉండేవి. ఆ శీతాకాలమంతా అక్క, నేను ఆటలు చూసింది ఆట కోసం కాదు. వాడు పడ్డప్పుడల్లా లేచేదాకా ఊపిరి బిగబట్టుకునేవాళ్ళం.

జనవరిలో, మేం భయపడ్డట్టే, వాడి గోల్ వెనకే ఒకడు దూసుకొచ్చి వాడి తలని చెక్కగోడకి కొట్టాడు. హెల్మెట్ ఎగిరి దూరంగా పడింది. వాడు లేచాడు, మళ్ళీ మోకాళ్ళ మీద పడ్డాడు, మళ్ళీ లేచాడు. లోపలికి తీసుకుపోయారు. నాలుగు రోజుల తర్వాత హుషారుగా ఫోన్ చేశాడు. నేనూ అక్కడే ఉన్నాను, అక్క స్పీకర్ పెట్టింది.

"పాసయ్యానమ్మా! సెప్టెంబర్లో ఎలా ఉన్నావో ఇప్పుడూ సరిగ్గా అలాగే ఉన్నావన్నాడు డాక్టరు. రేపు ఆడుతున్నా."

"ఈసారి కూడా కావాలనే తప్పులు చెప్పావా?"

"లేదమ్మా, ఒట్టు. ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశాను, చెమటలు పట్టాయి తెలుసా? అయినా మార్కులు అవే!"

వాడు నవ్వుతున్నాడు. కావాలని చెడగొట్టినప్పుడు వచ్చిన మార్కులే కష్టపడి చేసినా వచ్చాయంటే ఏమిటో అక్కకి అర్థమైంది.

"ఒరేయ్, ఆడకురా. వాళ్ళకి నిజం చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా."

"అమ్మా, నన్ను కర్టెన్లవాణ్ణి చేస్తావా?" అని పెట్టేశాడు.

అక్క జట్టు ఆఫీసుకి ఫోన్ చేసింది. ఎవరో అమ్మాయి మర్యాదగా విని, తల్లులందరికీ ఇలాగే ఉంటుందని ఓదార్చింది.

మర్నాడు మొదటి భాగం బాగానే ఆడాడు. రెండో భాగానికి జట్లు గోల్‌లు మార్చుకుంటాయి. ఒరెస్ట్ మాత్రం పాత వైపుకే వెళ్ళాడు. అవతలి జట్టు గోల్ ముందు నిలబడి, కర్ర సిద్ధంగా పట్టుకున్నాడు. ముందు నాకు అర్థం కాలేదు. పక్ తీసుకుని వస్తున్నవాడు మెక్‌కేగ్, వాడి సొంత జోడీ. ఒరెస్ట్ వెనక్కి జరుగుతూ జరుగుతూ, సమయం చూసి, భుజంతో వాణ్ణి కూలదోశాడు. జనం పెద్దగా నవ్వారు. టీవీలో మాట్లాడేవాళ్ళూ నవ్వారు. ఒరెస్ట్ వెళ్ళి, మనవాడే కదా అన్నట్టు, అవతలి గోల్‌కీపర్ కాళ్ళని కర్రతో తట్టాడు. ఆ గోల్‌కీపర్ నవ్వలేదు. ముసుగు పైకెత్తి వాడి కళ్ళలోకి చూసి, డాక్టరు కోసం రెండు చేతులూ ఊపాడు.

"ఏమైందే వీడికి?" అన్నాడు బావ.

అక్క అప్పటికే కోటు వేసుకుంటోంది.

తల లోపల రక్తం కారుతోందన్నారు. పుర్రె తెరిచారు. బతికాడు. అక్క వెళ్ళేసరికి చీకటి గదిలో పడుకుని, "ఎందుకొచ్చావమ్మా ఇంత దూరం? నాకేం కాలేదు, శనివారం ఆట ఉంది," అన్నాడు. అక్క మంచం మీద కూర్చుని జరిగిందంతా చెప్పింది, ఇక ఆట లేదని కూడా చెప్పింది. వాడు చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. సాయంత్రం నిద్ర లేచి, శనివారం ఆట ఉందన్నాడు.

ఇప్పుడు ఇంట్లోనే ఉంటాడు. నన్ను గుర్తుపడతాడు, ఆవులకి మేత వేస్తాడు, బాగున్న రోజు జోకులు కూడా వేస్తాడు. కానీ గుంట గడ్డకట్టిందంటే చాలు, స్కేట్లు సంచిలో సర్దుకుని, జట్టు బస్సు వస్తుందని గుమ్మంలో కూర్చుంటాడు. అక్క చేతులు తుడుచుకుని వాడి పక్కన కూర్చుని, ఇక ఆట లేదని మొదట్నించీ చెప్తుంది. విని ఏడుస్తాడు. ప్రతిసారీ వాడికి అది కొత్త కబురే.