కౌసల్యమ్మ వండిన గట్క

కొత్వాల్‌గూడలో కౌసల్యమ్మ ఇంటికి వచ్చినవాళ్లు ఎవరూ తినకుండా పోయింది లేదు. కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాడైనా సరే, కాళ్లు చేతులు కడుక్కుని పీట మీద కూర్చోవాల్సిందే. పెట్టేది కూడా సన్నబియ్యం అన్నమే.

దానికో కారణం ఉంది. ఆమె కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో ఆ ఇంట్లో పొద్దున, సాయంత్రం మక్క గట్కే. మక్కలు, అంటే మొక్కజొన్నలు, విసిరి, ఎసట్లో పోసి, తెడ్డుతో కలిపి ముద్ద చేసేవాళ్లు. ఊరంతా తినేది అదే. కానీ చుట్టం గడప తొక్కగానే గట్క కుండ మీద మూత పడేది. పక్కింట్లో సోలెడు బియ్యం బదులు తెచ్చి చుట్టానికి వండేవాళ్లు. కోడళ్లు మూత తీసేది చుట్టం వెళ్లిపోయాకే. రోజులు మారి ఇంట్లో బియ్యం బస్తాలు నిలబడ్డాక కౌసల్యమ్మ గట్క పేరే ఎత్తలేదు.

అలాంటి ఇంట్లో ఉంటూ ఒక పిల్ల చిక్కిపోవడం మొదలుపెట్టింది.

పిల్ల పేరు చిసోమో. ఆఫ్రికాలోని మలావీ దేశం నుంచి ఒక్క సెమిస్టరు చదువు కోసం వచ్చింది. కాలేజీ హాస్టల్లో చోటు లేక కౌసల్యమ్మ ఇంటి మీది గది కిరాయికి తీసుకుంది. వచ్చిన కొత్తలో శంషాబాద్ సూపర్ మార్కెట్లన్నీ తిరిగి, చివరికి బ్రెడ్డు, అరటిపండ్లు, నూడుల్స్ ప్యాకెట్లు తెచ్చుకునేది. అది చూడలేక కౌసల్యమ్మ రోజూ డబ్బాలో అన్నం, కూర పంపింది. డబ్బా సగం నిండుగానే తిరిగొచ్చేది. కారం ఎక్కువైందేమోనని తగ్గించింది. పెరుగు చేర్చింది. ఒకరోజు కోడిని కోసింది. కోడికూర అయిపోయింది, అన్నం మిగిలింది.

కోడలు సుమలత ఎయిర్‌పోర్టులో కాఫీ అమ్మే చోట పనిచేస్తుంది. అక్కడ పట్టుబడ్డ ఇంగ్లిష్‌తో ఆ పిల్లతో మాట్లాడేది ఆమే. ఒక సాయంత్రం మీది నుంచి దిగి వచ్చి అంది:

"అత్తమ్మా, పిల్ల వచ్చే వారం పోతదంట. టికెట్ మార్చుకుంటదంట."

"చదువు కాలేదు గదా, ఎందుకంట?"

"కడుపు నిండుతలేదంట."

కౌసల్యమ్మ చేతిలో చాట కింద పెట్టేసింది. తన ఇంటి కప్పు కింద ఉన్న మనిషి అనాల్సిన మాటేనా అది? సుమలతను వెంటబెట్టుకుని గబగబా మెట్లెక్కి పోయి పిల్ల ఎదురుగా కూర్చుంది.

చిసోమో ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. వాళ్లమ్మ పట్టుకున్న పళ్లెం అది. పళ్లెంలో తెల్లటి ముద్ద, పక్కన ఆకుకూర.

"న్సిమా అంటరంట," అంది సుమలత. "మక్కపిండి ఉడకబెట్టి చేస్తరంట. అది కడుపుల పడకపోతే ఎంత తిన్నా తిన్నట్టుండదంట." ఫొటోలోకి ఇంకోసారి తొంగి చూసింది. "గిది మన గట్కనే గదా అత్తమ్మా?"

"నోరు ముయ్యి. దేశం గాని దేశంల ఉన్న ఆడపిల్లకు గట్క పెడ్తమా? నలుగురికి తెలిస్తే ఇజ్జత్ ఏముంటది?"

"నువ్వు పెట్టకపోతే పోతది మరి."

మర్నాడు కౌసల్యమ్మ దాణా దుకాణంలో మక్కలు కొనుక్కుని చెన్నయ్య పిండి గిర్నికి పోయింది. అప్పటికే అక్కడ ఊళ్లో ఆడవాళ్లంతా వరుసలో ఉన్నారు. చెన్నయ్య సంచిలోకి చూశాడు.

"ఏంది వదినా, కోళ్లను పెంచుతున్నవా?"

అందరూ ఇటే చూస్తున్నారు.

"ఆఁ, కోళ్లకే," అంది కౌసల్యమ్మ.

కోళ్లకు ఎట్లా పట్టాలో చెన్నయ్య అట్లాగే పట్టాడు. పొట్టుతో, దుమ్ముతో, దాణా మరలో. ఆమె ఇంటికి తెచ్చి జల్లెడ పట్టి, వెనక తలుపు గడియ వేసి మరీ వండింది. చిసోమో మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. పంటి కింద ఇసుక కరకరలాడింది. మింగి, కౌసల్యమ్మను చూసి నవ్వింది. రెండో ముద్ద తీసుకోలేదు.

కౌసల్యమ్మ కూడా కొంచెం నోట్లో వేసుకుని చూసింది. పళ్లెం పక్కకు జరిపింది.

"పిల్ల నోరు తెరిచి అడిగింది," అంది సుమలతతో. "నేను నోరు తెరిచి చెప్పలేకపోయిన. కోళ్ల తిండి తెచ్చి పెట్టిన."

ఈసారి మంచి మక్కలు ఏరి తెచ్చింది. చెరిగి, కడిగి, డాబా మీద ఎండబోసింది. గలగలలాడేదాకా ఎండాక నెత్తిన పెట్టుకుని మళ్లీ అదే గిర్నికి, ఆడవాళ్లంతా ఉండే వేళకే పోయింది.

"కోళ్లు మస్తు తింటున్నట్టున్నయి వదినా," అన్నాడు చెన్నయ్య.

"కోళ్లకు కాదు, మనుషులకు. మా ఇంట్ల గట్క వండుతున్న. గోధుమల మర తుడిచి, అండ్ల మెత్తగ పట్టు. మొన్న నీకు అబద్ధం చెప్పిన."

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పక్కింటి భాగ్యలక్ష్మి అయితే నవ్వు దాచుకోనే లేదు.

"ఏంది కౌసల్యక్కా, సన్నబియ్యం ఒడిసినయా?"

"బియ్యం బస్తాలున్నయి. మా ఇంట్ల పిల్లకు గిదే కావాలె. నీకు సుత తినబుద్ధైతే రా, పెడ్త."

చెన్నయ్య మరను ఆపి, గుడ్డతో తుడిచాడు.

ఆ రోజు కౌసల్యమ్మ ముందు వాకిట్లోనే పొయ్యి పెట్టింది. పక్కన తోటకూర, దాంట్లో పల్లీల పొడి. మొన్న పొట్టులో, దుమ్ములో కనబడని పసుపు రంగు ఈ ముద్దలో తేలింది. అది పళ్లెంలో పడగానే చిసోమో చేయి ఆగిపోయింది. కౌసల్యమ్మ సుమలత వైపు తిరిగింది.

"మల్ల ఏమైందంట?"

సుమలత అడిగి చెప్పింది. "వాళ్ల తాన మక్కలు తెల్లగుంటయంట. కరువొచ్చిన యేడు సర్కారు పసుపు మక్కలు పంచిందంట. వాళ్ల నానమ్మ గవి తిని బతికిందంట గని, చుట్టాలొస్తే దాచిపెట్టేదంట. అది యాదికొచ్చిందంట."

కౌసల్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"మీ తాన సుత గిదే లొల్లా బిడ్డా? మీ నానమ్మ, నేను ఒక్క తీరే."

తనకూ పళ్లెం పెట్టుకుని పిల్ల పక్కన చతికిలబడింది. చిసోమో ముద్దను అరచేతిలో గుండ్రంగా చేసి, బొటనవేలితో సొట్ట చేసి, ఆ సొట్టలో కూర ఎత్తుకుని తింది. కొంచెం కూడా కింద పడలేదు. పళ్లెం ఖాళీ అయింది. కౌసల్యమ్మ మళ్లీ పెట్టింది. అదీ ఖాళీ అయింది.

మూడోసారి పెట్టబోతే పిల్ల తెడ్డు అందుకుంది. గిన్నెలో ఇంకో గుప్పెడు పిండి పోసి, బలంగా తిప్పుతూ ఏదో చెప్పింది.

"పలచగైందంట. తెడ్డు నిలబడాల్నంట," అంది సుమలత.

"నిలబడితే గొంతుల దిగుతదా? నాకు చెప్తుందా గట్క సంగతి? తే ఇటు." కౌసల్యమ్మ తెడ్డు లాక్కుంది. పిల్ల మళ్లీ లాక్కుంది.

"పరీక్షలయ్యేదాకా రోజూ తనే కలుపుతదంట, అత్తమ్మా."

కౌసల్యమ్మ గిన్నె వైపు, పిల్ల వైపు చూసింది. "కలపమను," అంది. "నీళ్లు మాత్రం నేనే పోస్తనని చెప్పు."