శారోన్ వేసిన రెండో దారి

తొంభైల చివర రాజోలు సెంటర్లో కొత్తగా తెరిచిన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో మొదటి బ్యాచ్‌లో ఆడపిల్ల శారోన్ ఒక్కతే. తండ్రి ఏసుదాసు మలికిపురం దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారు. తక్కినవాళ్లు టైపింగు నేర్చుకుని సర్టిఫికెట్ పుచ్చుకుని వెళ్లిపోతుంటే, ఈ పిల్ల మాత్రం కంప్యూటర్ మూత తీసి లోపల ఏముందో చూపించమని సారుని సతాయించేది.

"మూత తీస్తే పాడైపోద్దమ్మా," అని ఆయన భయపడేవారు.

"పాడైతే బాగుచెయ్యడం కూడా నేర్పండి సార్," అనేది.

ఆ తత్వమే ఆమెని అమలాపురంలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి చేర్చింది. చేరడం బిల్లులు కొట్టడానికే చేరింది. ప్రింటర్ మొరాయించినా, లైను కలవకపోయినా "శారోన్ని పిలవండి" అనడం అలవాటై, కొన్నేళ్లకి ఆసుపత్రి కంప్యూటర్లన్నీ ఆమె చేతి కిందికే వచ్చేయి. లాబ్ రిపోర్టులకి ఒక సర్వర్, మందుల షాపుకి ఒకటి, ఎక్స్‌రేలకి ఒకటి, పాత కేసులకి ఇంకొకటి. అన్నీ మెట్ల కింద ఇరుకు గదిలో ఉండేవి. ఎండాకాలం ఆ గది తలుపు తీస్తే మొహం మీద సెగ కొట్టేది. ఏదో ఒకటి మూలపడకుండా వారం గడిచేది కాదు.

2009లో శారోన్ ధైర్యం చేసి, ఆసుపత్రి పెట్టిన సర్జన్ సుబ్రహ్మణ్యేశ్వరరావు గారి దగ్గరికి వెళ్లింది.

"వీటన్నిటినీ తీసేసి రెండు పెద్ద యంత్రాలు పెడదామండీ. ఇప్పుడున్న సర్వర్లన్నీ ఆ రెంటి లోపలే, వేటికవి విడిగా ఉన్నట్టు నడుస్తాయి. ఒక యంత్రం ఆగిపోతే దాని పని రెండోది అందుకుంటుంది. సమాచారం మటుకు రెంటికీ ఉమ్మడిగా, వేరే డిస్కుల పెట్టెలో ఉంటుందండీ."

డాక్టరుగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేరు. "అన్నిటికీ గుండెకాయ ఆ డిస్కుల పెట్టేనన్నమాట. మరి దాన్నుంచి యంత్రాలకి వెళ్లే తీగ తెగితే? నాళం మూసుకుపోయినట్టే కదమ్మా?"

"అదేనండీ నా భయమూను. అందుకే దారులు రెండు వేయాలి. నరసాపురం వెళ్లాలంటే మనకి సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు ఉంది. వరదొచ్చి అది ఆపేస్తే చించినాడ వంతెన మీంచి వెళ్తాం. అలాగన్నమాట."

ఆయన నవ్వి, ఆయ్, కానీమన్నారు.

సామాను వచ్చింది. విశాఖపట్నం నుంచి వచ్చిన ఇంజనీర్లు అన్నీ బిగించి, పాత సర్వర్లని కొత్త యంత్రాల్లోకి ఎక్కించి, డిస్కుల పెట్టెకి ఒక్క తీగే లాగి సామాన్లు సర్దుకున్నారు. రెండో దారి మాటేమిటని శారోన్ అడిగితే, "పనిచేస్తోంది కదండీ, ఇంకెందుకు? తరవాత చూద్దాం," అన్నారు. ఆ తరవాత వాళ్లు ఫోన్ ఎత్తితే ఒట్టు.

ఇక తనే చెయ్యాలి. ఇంటర్నెట్లో దొరికిన పుస్తకాలు ప్రింటు తీసుకుని చదివింది. అర్థంకాని చోట మళ్లీ చదివింది. యంత్రాల తీగల్ని డిస్కుల పెట్టెకి కలిపే చిన్న పెట్టె, స్విచ్ అంటారు దాన్ని, ఇంజనీర్లు ఒకటే పెట్టేరు. ఆసుపత్రి ఎలక్ట్రీషియన్ ఏడుకొండల్ని తోడు తెచ్చుకుని శారోన్ రెండో స్విచ్ బిగించింది. ప్రతి యంత్రం నుంచీ ఎర్ర తీగ ఒక స్విచ్‌కి, నీలం తీగ రెండో స్విచ్‌కి. అక్కణ్ణుంచి రెండూ డిస్కుల పెట్టెకి. వార్డులకి వెళ్లే నెట్‌వర్క్‌కి కూడా అలాగే రెండేసి లైన్లు. పక్కనే ఇంకో యూపీఎస్ కూడా పెట్టించింది. అంతా అయ్యేక చూస్తే తీగలు జడ అల్లినట్టు ముచ్చటగా ఉన్నాయి.

ఆదివారం మధ్యాహ్నం, ఓపీ లేని వేళ చూసి పరీక్ష పెట్టింది. "ఏడుకొండలు గారూ, మొదటి యూపీఎస్ ఆపండి."

ఆయన ఆపేడు. ఆ వెంటనే రెండు స్విచ్‌ల దీపాలూ ఒక్కసారే ఆరిపోయేయి. తెరల మీద సర్వర్లన్నీ ఎక్కడివక్కడ బిగుసుకుపోయేయి.

లాబ్ ఇన్‌చార్జి విజయ మెట్లు దిగి పరిగెత్తుకొచ్చింది. "ఏం చేసేరండీ? కాన్పు కేసుకి రక్తం రిపోర్టు సగంలో ఆగిపోయింది! పాతవే నయం కదా!"

శారోన్ వెంటనే కరెంటు ఇప్పించి, ఒక్కొక్క సర్వర్నీ లేపి నిలబెట్టింది. ఈలోపు విజయ రిపోర్టు చేత్తో రాసి పంపించింది కాబట్టి సరిపోయింది. గది ఖాళీ అయ్యేక శారోన్ నేల మీద కూర్చుని స్విచ్‌ల వెనక చెయ్యి పెట్టి చూసింది. రెంటి ప్లగ్గులూ మొదటి యూపీఎస్ బోర్డులోనే ఉన్నాయి.

ఏడుకొండలు తల గోక్కున్నాడు. "ఒకచోటే ఉంటే చూడ్డానికి పొందిగ్గా ఉంటాదని అలా పెట్టేనండీ, మేడమ్ గారూ."

"తప్పు మీది కాదండీ. చూసుకోవలసింది నేను," అంది. అనగానే కళ్లలో నీళ్లు తిరిగేయి.

మర్నాడు డాక్టరుగారు పిలిపించేరు. "విజయ చెప్పింది. పాత పద్ధతికి వెళ్లిపోదామా అమ్మా?"

"వద్దండీ. నిన్న పోవడమే మంచిదైంది. నేను చూస్తుండగా పోయింది కాబట్టి ఎందుకు పోయిందో తెలిసింది. ఇంకొక్కసారి అవకాశం ఇవ్వండి. ఈసారి తీగ మీ చేత్తో మీరే పీకుదురుగాని."

ఆయన తలూపి, "ముందు విజయకి చెప్పి చెయ్యి," అన్నారు.

ఈసారి శారోన్ కంటిని నమ్మలేదు, చేతిని నమ్మింది. ప్రతి తీగనీ ఈ కొస పట్టుకుని ఆ కొస దాకా తడుముతూ వెళ్లింది. రెండు దారులూ ఎక్కడైనా ఒకదాన్నొకటి ఆనుకుంటున్నాయా అన్నదొక్కటే ఆమె వెతుకులాట. అలా వెతికితే ఇంకో లోపం బయటపడింది. డిస్కుల పెట్టెలోంచి సమాచారం అందించే కంట్రోలర్లు రెండుంటే, ఎర్రదీ నీలందీ రెండూ ఒకే కంట్రోలర్‌కి తగిలించి ఉన్నాయి. అది పోతే రెండు దారులుండీ ఏం లాభం? వాటిని విడగొట్టింది. ఏడుకొండలు కరెంటు లైన్లు వేరుచేసి, ఒక స్విచ్‌ని గదిలో ఆ గోడకి, రెండోదాన్ని ఈ గోడకి మార్చేడు. పొందిక పోయింది గానీ శారోన్ మనసు కుదుటపడింది.

విజయకి ముందే చెప్పి, ఒక సాయంత్రం డాక్టరుగారిని గదిలోకి పిలిచింది. ఆపరేషన్ థియేటర్లో కత్తి పట్టే ఆ చెయ్యి ఎర్ర తీగ ముందు కాస్త తటపటాయించింది.

"పీకెయ్యండి, ఏం కాదు," అంది శారోన్.

పీకేరు. తెర మీద తెరుచుకుంటున్న ఎక్స్‌రే బొమ్మ ఒక్క క్షణం ఆగి, మిగతాది మామూలుగా తెరుచుకుంది. ఆయన ఊరుకోలేదు. ఎర్ర తీగ తగిలించి, కుదురుకున్నాక నీలం తీగ పీకేరు. తరవాత అదీ తగిలించి, ఒక స్విచ్ మొత్తం ఆపించేరు. అది మళ్లీ వేయించి మొదటి యూపీఎస్ ఆపించేరు. దేనికీ సర్వర్లు తొణకలేదు. పైనుంచి విజయ ఫోన్ చేసి, "ఇంకా మొదలుపెట్టలేదా అండీ? ఎదురుచూస్తున్నాను," అంటే ఏడుకొండలు పగలబడి నవ్వేడు.

అసలు పరీక్ష ఆ వానాకాలంలో వచ్చింది. మూడు రోజుల ముసురు. కొత్తపేట రోడ్డులో బస్సు పంటకాలవలోకి ఒరిగి, దెబ్బలు తగిలినవాళ్లని ఆటోల్లో, వ్యాన్లలో తీసుకొచ్చేరు. వరండాలో కూడా మంచాలు వేయించేరు. డాక్టరుగారు థియేటర్లోకి వెళ్లేరు. రక్తం గ్రూపులు, ఎక్స్‌రేలు వెంటవెంటనే కావాలి.

ఆ గొడవలో శారోన్ సెల్‌కి యంత్రాల నుంచి మెసేజ్ వచ్చింది, ఒక దారి పోయిందని. కిందికి పరిగెత్తింది. కొత్తగా పెట్టిన ఏసీ పైపు పక్కనుంచి వాననీళ్లు గోడ వెంట కారి ఎర్ర తీగల స్విచ్ మీద పడుతున్నాయి. స్విచ్ మాడిన వాసన. రెండో గోడ వైపు తిరిగింది. అక్కడ దీపాలన్నీ టకటక కొట్టుకుంటున్నాయి. పైన లాబ్ నడుస్తోంది, ఎక్స్‌రేలు థియేటర్లోకి వెళ్తున్నాయి.

ఏడుకొండలు ఆ వైపు కరెంటు తీసేసి గోడకి టార్పాలిన్ కట్టేడు. శారోన్ మాడిన స్విచ్ ఊడదీసి, బీరువాలో ఉంచిన కొత్తది బిగించి, తీగలు ఒక్కొక్కటే తగిలించింది. ఎర్ర దారి మళ్లీ లేచి నిలబడింది. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుని, తడిసిన బట్టలతోనే నవ్వుకున్నారు.

బస్సులో దెబ్బలు తిన్నవాళ్లు అందరూ బతికేరు. పొద్దున్న మీటింగులో డాక్టరుగారు మాడిన స్విచ్‌ని చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసేరు.

"ఇది ఎప్పుడు పోయిందమ్మా?"

"మీరు థియేటర్లో ఉన్నప్పుడండీ. బస్సులో దెబ్బ తగిలిన ఒక ముసలాయన తుంటి ఎముక ఎక్స్‌రే మీరు తెరిచే వేళకే ఇది మాడిపోయింది."

అందరికంటే ముందు విజయ లేచి చప్పట్లు కొట్టింది. శారోన్ ఏడుకొండల్ని కూడా ముందుకు లాగి పక్కన నిలబెట్టుకుంది.

"ఇంకేం కావాలో చెప్పు," అన్నారు డాక్టరుగారు.

"మెట్ల కింద గది చాలదండీ. నీళ్లు దిగని గది కావాలి. దానికి తలుపులు కూడా రెండుండాలి."

"పై అంతస్తులో ఈశాన్యం గది తీసుకో. రెండెందుకని నేనడగన్లే."

ఆ మధ్యాహ్నమే శారోన్ టేపు పట్టుకుని పై అంతస్తుకి వెళ్లి, రెండో తలుపు ఎక్కడ కొట్టించాలో గోడ మీద సుద్దముక్కతో గీసింది.