ముప్పయ్యారు దాటినా అయిపోని రీలు

2000వ సంవత్సరం. పలాసలో రైల్వేస్టేషన్‌కి దగ్గర్లో ఉన్న ఒక ఫొటో స్టూడియోలో నేను పనికి చేరి ఏడాదిన్నర అయింది. పాస్‌పోర్టు ఫొటోలు డార్క్ రూమ్‌లో కడగడం నా పని. ఎర్రబల్బు వెలుతురులో కాగితాన్ని మందునీళ్లలో ముంచి బొమ్మ తేలేదాకా చూస్తూ నిలబడాలి. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని ఆ గది నాకు నచ్చేది. ఓనరు గారు బయటికెళ్తే మాత్రం కౌంటర్లో కూర్చోవాలి. అప్పుడు ఒళ్లో ఒక నవల ఉండేది.

మా దగ్గర కెమెరాలు అద్దెకిచ్చేవాళ్లు. ముప్పయ్యారు ఫొటోలు పడే రీలు మేమే ఎక్కించాలి. ఫిల్ము కొసని లీడర్ అంటారు. దాన్ని టేకప్ స్పూల్ అనే కడ్డీ చీలికలో దూర్చి, ఒకసారి తిప్పి, కడ్డీ దాన్ని పట్టుకుందో లేదో చూసి మూత వెయ్యాలి. పట్టుకోకపోతే బటన్ నొక్కినప్పుడల్లా ఫ్లాష్ వెలుగుతుంది, అంకె మారుతుంది, లోపల ఫిల్ము మాత్రం కదలదు.

ఒక శనివారం మధ్యాహ్నం జీడిపప్పు షెడ్డులో పనిచేసే ఐదుగురు అమ్మాయిలు వచ్చారు. వాళ్లలో నీలవేణికి ఇంకో రెండు వారాల్లో పెళ్లి. ఇచ్ఛాపురం వెళ్లిపోతుంది. ఈలోగా అందరూ కలిసి ఒక్కసారి బొర్రా గుహలు చూడాలని. సాయంత్రం బండెక్కి విశాఖలో దిగి, ఆదివారం పొద్దున్న అరకు వెళ్లే పాసింజరు పట్టుకుంటారట. వాళ్లలో నలుగురు ఒకే బల్ల దగ్గర పప్పు పొట్టు తీసేవాళ్లు. ఐదో అమ్మాయి పార్వతి నౌపడ వైపు నుంచి కొత్తగా వచ్చింది. జీడిపిక్కలు పగలగొట్టే పని. జీడినూనెకి ఆమె వేళ్లు నల్లబడి ఉన్నాయి. వాళ్లు తనని ఎక్కడికైనా రమ్మనడం అదే మొదటిసారని ఆమె నాతో రెండుసార్లు చెప్పింది. ఫొటోలు తీసే పని ఆమెకే అప్పగించారు.

నేను రీలు ఎక్కిస్తుంటే నీలవేణి నవ్వుతూ అంది: “నువ్వూ రాకూడదేటి సెల్లీ? ఆదివారం కొట్లో కూకుని ఏటి సేత్తావు?”

మాటవరసకే అంది. అయినా అంతకుముందు నన్నెవరూ అలా పిలవలేదు. తల వంచుకుని నవ్వి, మూత వేసేశాను. కడ్డీ పట్టుకుందో లేదో చూడలేదు. ఆ రోజు డైరీలో ‘పిలిచారు’ అని ఒక్క మాటే రాసుకున్నాను.

సోమవారం సాయంత్రం కెమెరా తిరిగిచ్చారు. పార్వతి ముఖం వెలిగిపోతోంది. “ముప్పయ్యారే గదా అన్నావు. నలభై దాటినా పడతానే ఉన్నాది. గుహలో పైనించి నీళ్లు సుక్కలు సుక్కలుగా పడతన్న కాడ ఈళ్లందర్నీ నిలబెట్టి తీసినాను,” అంది.

ముప్పయ్యారు దాటిందంటే లోపల ఫిల్ము కదల్లేదన్నమాట. రీలు వెనక్కి చుడుతుంటే చేతికి బిగువు తగల్లేదు. అయినా ఏమీ అనకుండా, ఏదో ఆశతో, కవర్లో పెట్టి విశాఖలోని కలర్ ల్యాబ్‌కి పంపించాను.

గురువారం తిరిగొచ్చింది. ఫిల్ము పొడవునా ఒకటే నారింజ రంగు. ఒక్క మనిషి లేదు. గుహలో చీకటికి రాలేదని చెప్పెయ్యమని ఓనరు గారు అన్నారు. సాయంత్రం ఐదుగురూ వస్తే అలాగే చెప్పాను.

“ఫ్లాష్ ఎలిగింది గదా,” అని నీలవేణి నెమ్మదిగా అంది. తర్వాత నలుగురూ పార్వతి వైపు తిరిగారు. వాళ్లలో ఒకామె, “ఆ నల్ల సేతుల్తో కెమెరా అద్దాన్ని పులిమేసుంటావు. దీనికియ్యొద్దని ముందే సెప్పినాను,” అంది.  పార్వతి చేతులు రెండూ పైటకొంగులోకి దాచుకుంది.

నేను అక్కడే ఉన్నాను. నాకు తెలుసు. ఫిల్ము కవర్లో పెట్టి సొరుగు మూసేశాను.

జరిగిందంతా డైరీలో రాశాను. రాస్తే బరువు దిగుతుందనుకునే అలవాటు నాది. ఈసారి దిగలేదు. మర్నాడు భోజనం వేళకి స్టూడియో కెమెరా ఒకటి అడిగి తీసుకుని షెడ్డుకి వెళ్లాను. యాభైమంది ఆడవాళ్లు తలలెత్తి చూశారు. నలుగురూ బల్ల దగ్గర క్యారేజీలు విప్పుకుని ఉన్నారు. పార్వతి దూరంగా, జీడినూనె అంటకుండా చేతులకి రాసుకునే బూడిద బుట్ట పక్కన ఒక్కతే తింటోంది.

బల్ల దగ్గర నిలబడి, తప్పు నాదని, రీలు నేనే సరిగ్గా ఎక్కించలేదని, పార్వతి చేతులకీ దానికీ సంబంధం లేదని చెప్పాను.  ఎవరూ నన్ను తిట్టలేదు. నీలవేణి కాసేపు అన్నం కెలికి, “రాయే పార్వతీ, ఇక్కడ కూకో,” అని పక్కకి జరిగింది.

పార్వతి లేచింది. నా ముందు ఆగింది. “నిన్న నువ్వక్కడే ఉన్నావు గదా. నిన్ననే ఎందుకు సెప్పనేదు?”

 జవాబు కోసం ఆమె ఆగలేదు. వెళ్లి నీలవేణి పక్కన కూర్చుంది.

కెమెరా తెరిచి, కొత్త రీలు ఎక్కించి, కడ్డీ తిరగడం రెండుసార్లు చూసి మూత వేశాను. ఐదుగురినీ బల్ల దగ్గరే తీశాను. జుట్టు మీద పప్పు పొట్టు, ముందు క్యారేజీలు. మధ్యలో పార్వతి, చేతులు దాచుకోకుండా ఒళ్లో పెట్టుకుని. తర్వాత వాళ్లు తమలో తాము గుహ సంగతులు మొదలుపెట్టారు. ఎవరూ నన్ను కూర్చోమనలేదు. వచ్చేశాను.

ఆ తర్వాత ఆ స్టూడియోలో ఇంకో ఆరేళ్లు పనిచేశాను. రీలు ఎక్కించినప్పుడల్లా రీలు వెనక్కి చుట్టే రివైండ్ నాబ్ ఫిల్ముతో పాటు తిరుగుతోందో లేదో చూసి, అద్దెకి తీసుకున్న వాళ్లకి కూడా చూపించి ఇచ్చేదాన్ని. ముప్పయ్యారు దాటినా ఇంకా పడుతుంటే సంతోషించవద్దని, వెంటనే తెమ్మని చెప్పేదాన్ని. తప్పు జరిగితే ఆ రోజే, వాళ్ల ఎదుటే ఒప్పుకునేదాన్ని. మర్నాడు చెప్పిన నిజం పార్వతికి బల్ల దగ్గర చోటిచ్చింది గానీ, ఆమె ఒక్కతే అన్నం తిన్న ఆ మధ్యాహ్నాన్ని చెరపలేకపోయింది.