గేటాయన చూడని ఆఖరి సీను

సినిమా హాల్లో పనిచేసేవాళ్ళు సినిమాలన్నీ తేరగా చూసేస్తారని జనం కుళ్ళుకుంటారు. వట్టి మాట. ఆపరేటరు పై గదిలో మిషను పక్కన నిలబడి, మొహం పట్టేంత కంతలోంచి తెర చూస్తాడు. బొమ్మ మసకేసిందా, వెలుగు తగ్గిందా అన్నదే అతని ధ్యాస. హీరో చచ్చినా అతనికి పట్టదు, బల్బు చస్తేనే గుండె గుభేలుమంటుంది. గేటాయన సంగతి మరీ అన్యాయం. టికెట్లు చింపి, జనాన్ని లోపలికి తోలి, ఆలస్యంగా ఊడిపడ్డవాళ్ళకి టార్చి కొట్టి, అమ్మయ్య అని గోడకి ఆనుకునేసరికి ఆట అయిపోవస్తుంది. అయిపోకముందే బయటి తలుపుల గడియలు తీసి ఉంచాలి, లేకపోతే జనం ఒకరి మీద ఒకరు పడి చస్తారు. అందుకని ప్రతి సినిమాకీ మొదలు చూసి, మధ్యలో సగం చూసి, చివర మాత్రం చెవులతో విన్న మనిషి అతను.

ఈ ఇద్దరూ తెర వెనక ఉన్న గదిలో కలిసి బతికారు. కుర్రాళ్ళుగా చేరారు, అక్కడే నెరిశారు. రెండు మంచాలు, ఒక స్టవ్వు, గోడకి ఒకే అద్దం. "హాలువాళ్ళు ఒక్క గదే ఇచ్చారండీ, ఏం చేస్తాం" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవారు. నమ్మినవాళ్ళు నమ్మారు. నమ్మనివాళ్ళకి టికెట్టు లేకుండా లోపలికెళ్ళే దారి కావాలి కాబట్టి నోరు మూసుకున్నారు. పదిమందిలో ఉన్నప్పుడు "ఆపరేటరు గారూ", "ఏమండీ" అని ఒకటే మర్యాద. గది తలుపు పడగానే "ఒరేయ్, ఉప్పెక్కడ తగలేశావురా" మొదలు.

ఆ హాలుకి ఒకసారి ఒక నవ్వుల సినిమా వచ్చింది. పేరు 'ఏ తలుపు తీసినా'. ఇప్పుడు ఆ పేరు చెబితే ఎవరూ గుర్తుపట్టరు, అప్పుడూ ఎవరూ పట్టించుకోలేదు. ఇద్దరు మగవాళ్ళు ఒకరినొకరు విడిచి ఉండలేరు. ఇల్లు అద్దెకి కావాలి. ఇంటావిడేమో కుటుంబానికి తప్ప ఇవ్వనంటుంది. అందుకని ఒకడు విగ్గు పెట్టి పెళ్ళాం వేషం వేస్తాడు. ఇంటావిడ తమ్ముడు ఆ పెళ్ళాం మీద మనసు పడతాడు. అంతలో మొగుడి వేషంవాడి తండ్రి సంబంధం పట్టుకుని దిగుతాడు. ఇక చూసుకోండి, ఒక తలుపు మూస్తే ఇంకోటి తెరుచుకుంటుంది, బీరువాలో ఒకడు, మంచం కింద ఒకడు.

జనం విగ్గు పెట్టుకున్నవాణ్ణి చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుదామని వచ్చారు. ఆ సినిమా తీసినాయన గడుసువాడు, నవ్వంతా తలుపు సందుల్లోంచి తొంగిచూసేవాళ్ళ మీదికి తిప్పాడు. లోపలున్న ఇద్దరినీ ఒక్క మాట అననివ్వలేదు. పైగా మధ్యలో ఒక చోట, అందరూ వెళ్ళిపోయాక, మొగుడి వేషంవాడు రెండోవాడి తల మీంచి విగ్గు తీసి, పిన్నులు గుచ్చుకున్న చోటల్లా వేళ్ళతో మెల్లగా రాస్తాడు. మాట లేదు, పాట లేదు. అక్కడ హాల్లో కుర్చీలు బాదారు.

"ఆ ముక్క కోసి పారెయ్యవయ్యా" అన్నాడు మేనేజరు.

"కోస్తే మిషన్లో ఇరుక్కుంటుందండీ" అన్నాడు ఆపరేటరు. పచ్చి అబద్ధం. మేనేజరుకి మిషను సంగతి ఏం తెలుసు, అతనికి తెలిసిందల్లా కుర్చీ.

వారం తిరగకుండానే సినిమా ఎత్తేశారు. తెచ్చినవాడు దివాలా తీశాడో ఏమో, రీళ్ళ డబ్బాలు తీసుకెళ్ళడానికి ఎవడూ రాలేదు. అవి సామాన్ల గదిలోనే పడి ఉన్నాయి. గేటాయన ఆ సినిమా ఆడిన ప్రతి ఆటకీ గడియలు తీస్తూ చివర పోగొట్టుకున్నాడు. జనం గోలలో ఈసారి మాటలూ చెవిన పడలేదు.

"ఒరేయ్, చివర ఏమవుతుందిరా వాళ్ళకి?" అని అడిగేవాడు.

"చెప్పను, చూపిస్తాను. నా పక్కన కూర్చుని చూద్దువుగాని."

"నువ్వు పైన, నేను కింద. పక్కనెప్పుడు కూర్చుంటాంరా, పిచ్చోడా?"

నిజమే. సినిమాల మధ్యే బతికి, ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో ఒక్క సినిమా చూడలేదు. సెలవు రోజున ఇంకో హాలుకి వెళ్దామంటే గేటాయన ఒప్పుకునేవాడు కాదు. "ఇద్దరం కలిసి టికెట్లు కొంటే ఆ గేటువాడు మనల్ని చూడడా? నేనైతే చూస్తాను" అనేవాడు.

హాలు మూతపడింది. కాపలాకి పనికొస్తారని యజమాని ఇద్దరినీ గదిలోనే ఉండనిచ్చాడు. ఆ తర్వాత గేటాయనకి దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తుల్లో ఏం మిగల్లేదని, ఇంటికి తీసుకెళ్ళమని డాక్టరు చెప్పాడు. ఏ ఇల్లో ఆయన చెప్పలేదు. కబురు తెలిసి గేటాయన చెల్లెలు వచ్చింది. చెడ్డది కాదు, అన్నంటే ప్రాణం. గది చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నాతో వచ్చెయ్యి అన్నయ్యా. నేనున్నానుగా. ఇక్కడ నీకెవరున్నారు?"

ఆపరేటరు పక్కనే మందు కలిపిన గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంతకాలం ఊరందరికీ చెప్పిన అబద్ధమే కదా ఆమె తిరిగి అప్పజెప్పింది. గ్లాసు ఆమె చేతికిచ్చి పక్కకి తప్పుకున్నాడు.

గేటాయన గుటకేసి, "రేపొస్తాను" అన్నాడు. ఎదురుచెప్పే ఓపిక లేదు.

అప్పుడు ఆపరేటరు నోరు తెరిచాడు. "రేపు ఒక్క పూట ఆగండమ్మా. సినిమా ఒకటి చూపించి పంపిస్తాను."

"ప్రాణం మీదికొస్తే సినిమా ఏంటండీ!"

"చూసే వస్తానే" అన్నాడు గేటాయన. ఆమె అన్న మొహం చూసి ఊరుకుంది.

ఆపరేటరు పక్కన కూర్చుంటే మిషను ఎవరు నడపాలి? హాలు నడిచినన్నాళ్ళూ ఊడ్చిన ఆవిడ దగ్గరికి పరిగెత్తాడు. ఆవిడ నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

"అక్కా, నీకు రీలెక్కించడం వచ్చా?"

"నీ మిషను గది ఎన్నేళ్ళు ఊడ్చానయ్యా? నీ చేతులు చూసి చూసి నిద్రలో కూడా ఎక్కిస్తాను. మీ ఇద్దర్నీ ఒక్కచోట కూర్చోబెట్టడానికి నేనే దిక్కయ్యానన్నమాట. ఎన్నింటికి రమ్మంటావు?"

మర్నాడు పొద్దున్నే అతను మిషను తుడిచి, డబ్బాలు తెరిచి, రీళ్ళన్నీ వెనక్కి చుట్టాడు. ఒకసారి ఆడిన రీలు చివరి కొస పైకొచ్చి ఉంటుంది, మళ్ళీ ఆడాలంటే తిరగేసి చుట్టాలి. ఆఖరి రీలు చుట్టడం అయ్యేసరికి కింద గదిలోంచి దగ్గు. ఒక్క పరుగున దిగి, వీపు నిమిరి, నీళ్ళు తాగించి పైకొచ్చాడు. బల్ల మీద ఆఖరి రీలు ఉంది. చుట్టానా లేదా? చుట్టలేదనుకున్నాడు. ఇంకోసారి చుట్టేశాడు, దాంతో చివరి కొస మళ్ళీ పైకొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక చెయ్యని తప్పు ఆ ఒక్క రోజే చేశాడు.

గేటాయనని మోసుకొచ్చినట్టే తీసుకొచ్చి మధ్య వరసలో కూర్చోబెట్టి, పక్కన తనూ కూర్చున్నాడు. చెల్లెలు వెనక వరసలో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దీపాలారాయి. గేటాయన అలవాటు కొద్దీ లేవబోయాడు.

"ఎక్కడికిరా?"

"ఎవరైనా ఆలస్యంగా వస్తే..."

"ఎవరూ రారు. చూడు."

చూశారు. తలుపులు టపటపా కొట్టుకుంటుంటే గేటాయన ఊపిరాడక ఆయాసపడుతూనే నవ్వాడు. విగ్గు తీసే చోట నవ్వలేదు. ఆపరేటరు చెయ్యి అతని చెయ్యి మీద ఉంది. చీకట్లో ఎవరు చూస్తారు అనుకున్నాడు, వెనక చెల్లెలు ఉందన్నది ఆ నిమిషానికి మరిచిపోయాడు.

గుట్టు రట్టయింది. విగ్గు ఊడి ఇంటావిడ చేతిలో పడింది. అక్కడ రీలు మారి ఆఖరిది పడింది. పడగానే ఒక మూసిన తలుపు తలకిందులుగా వచ్చింది, ఆ వెంటనే ఇంటావిడ ఇంటికప్పుకి కాళ్ళు తగిలించుకుని వేలాడింది. మాటలు పోయి గురకలాంటి చప్పుడు. అందరూ తలకిందులుగా, వెనక్కి వెనక్కి నడుస్తున్నారు.

"తమ్ముడూ, వీళ్ళంతా గబ్బిలాల్లా వేలాడుతున్నారయ్యా! నేనేం ముట్టుకోలేదు!" అని పై కంతలోంచి కేక.

గేటాయన నవ్వి నవ్వి దగ్గాడు. చెల్లెలు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ సినిమాకి అంత నవ్వు ఎప్పుడూ రాలేదు. ఆపరేటరు మాత్రం "ఆపక్కా, ఆపు!" అని లేచాడు. మిషను ఆగింది, పక్క దీపం వెలిగింది. బయట చెల్లెలు మాట్లాడిన కారువాడు హారను కొడుతున్నాడు.

"పైకెళ్ళి సరిగ్గా చుట్టేసొస్తాను. ఎంతసేపురా..."

గేటాయన అతని చొక్కా కొస పట్టుకున్నాడు. "కూర్చో. నువ్వు పైకెళ్తే మళ్ళీ నేను ఒక్కణ్ణే కదా. నువ్వే చెప్పు."

ఆపరేటరు కూర్చున్నాడు. గొంతు సవరించుకుని, ఖాళీ తెర వైపు చూస్తూ చెప్పాడు.

"ఇంటావిడ అడుగుతుంది, 'నాతో ఇన్ని అబద్ధాలెందుకు చెప్పారు?' అని. మొగుడి వేషంవాడు అంటాడు, 'కుటుంబానికే ఇస్తానన్నారు కదండీ. మేం కుటుంబమే. అది మీ కంటికి ఆనాలని వేషం కట్టాం, అంతే' అని. ఆవిడ విగ్గు మేకుకి తగిలించి వెళ్ళిపోతుంది. వీళ్ళు తలుపేసుకుంటారు. అయిపోయింది."

"లోపల?"

"చూపించలేదు. మూసిన తలుపు మీదే ఆపేశాడు."

"నువ్వు చెప్పరా."

ఆపరేటరు తెర వదిలి అతని వైపు తిరిగాడు.

"లోపల... పాలు పొంగి స్టవ్వు ఆరిపోయి ఉంటుంది. నీ వల్లంటే నీ వల్లని కొట్టుకుంటారు. ఒకడు గిన్నె తోముతాడు. రెండోవాడు గడియ పడిందో లేదోనని నాలుగుసార్లు లేచి చూస్తాడు, వెధవ బుద్ధి. తర్వాత పడుకుంటారు. ఒకడు జరగమంటాడు. రెండోవాడు జరగడు."

"ఎందుకు జరగడు?"

"వాడికి అక్కడే బాగుంటుంది."

గేటాయన కళ్ళు మూసుకున్నాడు. "బాగుందిరా. ఇంత మంచి సినిమాని జనం ఎందుకు చూడలేదు?"

"తలుపు తెరిచి చూపిస్తాడనుకున్నారు."

హారను మళ్ళీ మోగింది. ఆట అయిపోయింది, తలుపులు తీసేవాళ్ళు లేరు. చెల్లెలే లేచి వెళ్ళి గడియ తీసింది. ఎండ లోపలికొచ్చింది.

కార్లో అన్నని పడుకోబెట్టి, సంచి సర్దింది. ఎక్కబోతూ ఆగింది. ఆపరేటరు మొహం చూడకుండా, కారు తలుపు చూస్తూ అడిగింది.

"అన్నగారూ... మా అన్నయ్య ఏ పక్కకి పడుకుంటే దగ్గు తగ్గుతుంది?"

ఆమె ఆ వరస కలిపి పిలవడం అదే మొదలు.

"ఎడమ పక్కకమ్మా. వీపుకి ఏదో ఒకటి ఆని ఉండాలి. లేకపోతే నిద్రపోడు."

"దిండు పెడతాను."

"పెట్టమ్మా."

కారు మలుపు తిరిగేదాకా అతను గేటు దగ్గరే నిలబడ్డాడు. హాలు ఊడ్చిన ఆవిడ మెట్లు దిగొచ్చి, ఎన్నడూ లేనిది, ఏమీ అనకుండా పక్కన నిలబడింది.

తర్వాత కొన్నాళ్ళకి, తెల్లవారుతుండగా ఫోను వచ్చింది. చెల్లెలు. చెప్పాల్సింది ఒక్క ముక్కలో చెప్పింది. ఆపరేటరు "ఊఁ" అన్నాడు. ఆమె ఫోను పెట్టలేదు.

"దిండు ఆనించానండీ. రోజూ ఆనించాను. అయినా వెనక్కి చెయ్యి పెట్టి తడుముకుంటూనే ఉన్నాడు."

అతను రెండో మంచం అంచున కూర్చున్నాడు.

"బయల్దేరండి" అంది ఆమె. "ఎవరెవరో వచ్చి తొందరపెడుతున్నారు. మీరొచ్చేదాకా అన్నయ్యని కదలనివ్వనని చెప్పాను. మీరేమవుతారని అడుగుతున్నారు. రండి, నేను చెబుతాను."