కొంగ కింద గేదె

వరద సాయానికి వచ్చిన మా ఆర్మీ ట్రక్కులు తెనాలి దాటేసరికి తెల్లవారింది. వాన మాత్రం వదల్లేదు. రేపల్లె అవతల కరకట్ట దగ్గర బోట్లు దింపాం. కట్టకు ఆ పక్కన ఉండాల్సిన లంక పొలాలు లేవు. ఎర్రటి కృష్ణ నీళ్లు, వాటిలో అక్కడక్కడా అరటిచెట్ల తలలు, అంతే. మాది వేమూరు. యూనిఫాం వేసుకుని సొంత గడ్డ మీద డ్యూటీ చేయడం నాకు అదొక్కసారే.

బోటులో ముగ్గురం. నడిపేవాడిది బాపట్ల. వైర్‌లెస్ చూసేవాడు కొండల వైపు నుంచి వచ్చినవాడు, నీళ్లంటే భయం, పైకి చెప్పడు. నేను ముందు కూర్చుని చూడాలి. సొంత బైనాక్యులర్ ఉన్నది నాకే. కట్ట మీద నుంచి ఆదేశాలిచ్చేది సుబేదారు.

ఆ బైనాక్యులర్ కథ ఒకటి ఉంది. ఎడారి పోస్టింగులో చూడటానికి ఇంకేమీ లేక పిట్టల్ని చూడటం మొదలుపెట్టాను. అలవాటు ముదిరింది. ముక్కు రంగు చూసేలోపు పిట్ట తిరిగి కూర్చుంటుంది. కాళ్లు చూసేలోపు ఎగిరిపోతుంది. ఒకే పిట్ట వానాకాలం ఒక రంగు, చలికాలం ఒక రంగు. పుస్తకంలో బొమ్మ ఒకలా ఉంటుంది, కొమ్మ మీద పిట్ట ఇంకోలా ఉంటుంది. అంత ఏడిపించాక పేరు తేలిందంటే మాత్రం ప్రమోషన్ వచ్చినంత సంబరం. బాపట్లవాడు నన్ను పిట్టలదొర అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

మధ్యాహ్నం కట్ట మీద ఒకామె నా చెయ్యి పట్టుకుంది.

"మా ఆయన దిబ్బ మీదే ఉండిపోయాడు బాబూ. ఐదు గేదెలున్నాయి. వాటినొదిలి రానన్నాడు."

"ఏ దిబ్బమ్మా?"

"దిబ్బలన్నీ మునిగినాయి గదయ్యా, ఎటని చూపించేది?"

బోటు తీశాం. ఎటు చూసినా నీళ్లు. కాసేపటికి తూర్పున తెల్లగా చుక్కలు కనిపించాయి. కొంగలు! గేదెలున్న చోట కొంగలుంటాయి. అటు పోనిమ్మన్నాను. వరదకు ఎదురెళ్లాం. తీరా దగ్గరికెళ్తే నల్ల ముక్కు, నల్ల కాళ్లు, పసుపు పాదాలు. చేపలు తినే చిన్న తెల్లకొంగలు. మునిగిన తుమ్మకొమ్మల మీద కూర్చుని విందు చేసుకుంటున్నాయి. గేదె లేదు, మనిషి లేడు.

"ఏంటి పిట్టలదొరా, కొంగల్ని కాపాడదామనా?" అన్నాడు బాపట్లవాడు. అని పెట్రోలు వంక చూశాడు. నేనూ చూశాను. తిరుగు ప్రయాణం పోను ఇంకొక్క చోటికి సరిపోతుంది.

అప్పుడే దక్షిణాన మళ్లీ తెలుపు. బోటు ఊగుతోంది. అద్దాల మీద వాన. చొక్కా లోపలి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాను. పది దాకా ఉన్నాయి. కింద ఏముందో జమ్ము అడ్డమొచ్చి కనపడదు. తెల్లకొంగల్లో మూడు నాలుగు రకాలు. దూరం నుంచి అన్నీ ఒక్కలాగే ఉంటాయి.

వైర్‌లెస్‌లో సుబేదారు హిందీలో అరిచాడు. "నీళ్లు పెరుగుతున్నాయి. వెనక్కి రండి. ఓవర్."

"కొంగలు కనిపిస్తున్నాయి సాబ్. కింద గేదెలుంటాయి."

"మనిషి కనిపిస్తున్నాడా?"

"లేదు సాబ్."

"నీకు ఖాయంగా తెలుసా?"

కళ్లు చిట్లించి చూశాను. పొట్టి మెడలు. ముక్కులు పసుపు. ఒకదాని తల మీద పసుపు పూసినట్టు గుడ్ల కాలంలో వచ్చే మరక ఇంకా పోలేదు. అన్నిటికంటే ముఖ్యం, ఒక్కటీ నీళ్లకేసి చూడటం లేదు. చేపల కొంగైతే నీళ్ల మీంచి చూపు తిప్పదు. ఇవి ఈగల్ని ఏరుకోవడానికి తమ కాళ్ల కిందికి చూస్తున్నాయి. ఆ కింద ఉన్నది మట్టి కాదు, వీపులు!

"ఖాయం సాబ్. గేదెల కొంగలు."

"వెళ్లండి."

జమ్ము దాటగానే కనిపించాయి. పొట్టల దాకా నీళ్లలో ఐదు గేదెలు. మధ్యలో ఒక దాని మెడ పట్టుకుని ముసలాయన. వైర్‌లెస్‌వాడు తన దేవుణ్ణి పిలిచాడు. బాపట్లవాడు నా వీపు మీద ఒక్కటి చరిచాడు.

ముసలాయన ఎక్కనన్నాడు.

"వీటినేం చేస్తారు బాబూ?"

"బోటు పట్టదు బాబాయ్. పిన్ని కట్ట మీద నిలబడే ఉంది. నువ్వు లేకుండా నేనామె మొహం చూడలేను."

ఆ మాటకి ఎక్కాడు. వెనక్కి తిరిగి కూర్చుని, "దా, దా" అని పిలిచాడు. ఐదూ లోతు నీళ్లలోకి దిగాయి. మా వెంట ఈదుతూ వస్తున్నాయి. వరద లాగుతోంది. మోటారు తగ్గించి నడపమన్నాను. బాపట్లవాడు అప్పటికే తగ్గించాడు.

వాన చిక్కబడింది. గేదెలు వెనకబడ్డాయి. ముసలాయనకు చూపు ఆనలేదు.

"కనపడతన్నాయా బాబూ?"

"నాలుగు కనపడుతున్నాయి బాబాయ్."

"సూడి గేదె ఎనకుంటది. బరువు గదా. చూడయ్యా."

చూశాను. చాలా దూరంలో ఒక కొంగ, నీటికి జానెడు ఎత్తున కదిలొస్తోంది. తల మీద పసుపు మరక ఉన్న కొంగే. దాని కింద కొమ్ములు.

"వస్తోంది బాబాయ్. కొంగ కూడా ఉంది."

"కొంగుందా? అయితే పర్లేదు" అన్నాడు.

నేను బైనాక్యులర్ దించలేదు. కొంగ ఒక్కసారి రెక్కలు విప్పింది. లేచింది. దాని కింద నీళ్లు తప్ప ఏమీ లేవు. అది వెళ్లిపోలేదు. అక్కడే గుండ్రంగా తిరిగింది, కాళ్లు కిందికి వేలాడేసి, దిగడానికి చోటు వెతుక్కుంటూ.

"వస్తందా?"

"వస్తోంది" అన్నాను.

నాలుగు గేదెలు కట్టెక్కాయి. ముసలాయన వాటిని తడిమి లెక్క చూసుకుని, నా వైపు చూశాడు. ఆమె ఆయన తల తుడుస్తూ ఏడుస్తోంది. మర్నాడు మా ట్రక్కులు తెనాలి మీదుగానే వెనక్కి వెళ్లాయి.

ఉద్యోగం నుంచి రిటైరై ఇప్పుడు వేమూరులోనే ఉంటున్నాను. పొద్దున్నే కాలువ గట్టు మీద పిట్టల్ని చూస్తాను. కాలువలో గేదెలు పడుకుని ఉంటాయి, వాటి మీద కొంగలు. వాటిలో ఒకటి లేచిందంటే చాలు, కొంగను చూడను. అది లేచిన చోట గేదె ఉందా అని చూస్తాను.