లోపల ఇంకా ఒకరున్నారు

తిరుమణి దగ్గర సోలార్ ప్లాంట్లలో కూలికి పోయినవాళ్ళను అడిగి చూడండి. మేనేజరు పేరేమిటంటే తల గోక్కుంటారు. ఓబక్క ఎవరంటే మాత్రం, "కిటికీ ఓబక్కా?" అని వెంటనే అంటారు. కిటికీ ఆమెకు ఇంటిపేరైపోయింది. ప్లాంటు ఆఫీసులో ఆ కిటికీ వెనక, ఒక కంప్యూటరు ముందు, ఆమె ఏళ్ళ తరబడి కూర్చుంది.

ఊరు క్యాతగానచెర్లు. పెళ్ళయిన కొన్నాళ్ళకే మొగుడు పోయాడు. పిల్లల్లేరు. ఉన్న రెండెకరాల చేను ప్యానెళ్ళ కిందికి పోయింది. భూమిచ్చిన ఇంట్లో ఒకరికి ఉద్యోగమన్నారు. ఆ ఇంట్లో ఉన్నదే ఒకరు గనక, ఉద్యోగం నాకంటే నాకని కొట్టుకోవాల్సిన అవసరం రాలేదు. పదో తరగతి పాసై, పావగడలో కొన్నాళ్ళు కంప్యూటరు నేర్చుకున్న మనిషి కాబట్టి ఎండలోకి పంపకుండా ఆఫీసులో కూర్చోబెట్టారు.

ఆ కంప్యూటర్లో కంపెనీ సంసారమంతా ఒకే మూటగా ఉండేది. గేటులో హాజరు, ఎవరు ఏ వరుసలో గడ్డి కొయ్యాలి, ఎవరు ప్యానెళ్ళు కడగాలి, స్టోరులో సామాన్లు, సాయంత్రం వ్యాను, నెలాఖరున జీతాలు, అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్. స్టోరు మనిషి వైరు చుట్టల లెక్క తప్పు కొట్టాడంటే మర్నాడు పొద్దున గేటు దగ్గర హాజరు ఆగిపోయేది. వైరుకూ హాజరుకూ ఏమిటి సంబంధమని అడగకూడదు. ఉంది, అంతే.

ఆగిపోయినప్పుడల్లా జనమంతా కిటికీ మీద పడేవాళ్ళు.

"ఏంది ఓబక్కా, మళ్ళా పండుకునిందా నీ పెట్టె?"

"ఎండ నెత్తికెక్కుతాండాది, తొందరగా లేపక్కా!"

"నా పెండ్లికొచ్చినారా మీరంతా? దూరం జరగండి, గాలి రానీండి," అని ఓబక్క లోపలి నుంచి తిట్టేది. తిడుతూనే ఒకామె జ్వరం గురించి, ఇంకొకామె కోడలి కాన్పు గురించి, గొర్రెలకొచ్చిన రోగం గురించి వినేది. పెట్టె లేచేలోగా చుట్టుపక్కల ఊళ్ళ సంగతులన్నీ ఆమె చెవిన పడేవి. ఇంటికి పోతే పలకరించే ప్రాణి లేని మనిషికి ఆ కిటికీయే ఇల్లు. ఈ మాట ఆమె ఎన్నడూ పైకి అనలేదు. ఆదివారం ఎప్పుడు గడుస్తుందా అని చూసేది, అంతే.

కిటికీ దగ్గర జరిగే వ్యవహారాల్లో ముఖ్యమైనది బదులు. చేలల్లో కూలి చేసిన కాలం నుంచీ ఈ పక్క ఆడవాళ్ళకు అదొక అలవాటు. తాను పోలేని రోజు పక్కింటామెనో, చుట్టాన్నో పంపుతుంది. ఇంకో రోజు ఆమె బదులు తాను పోతుంది. పని ఆగకపోతే చాలు కదా, మధ్యలో సూపర్‌వైజరును అడిగేదేముంది అన్నది వాళ్ళ లెక్క. పోతూ పోతూ కిటికీలో తల పెట్టి, "ఓబక్కా, ఈ పొద్దు వెంకటక్క బదులు నేనొచ్చినాను" అని చెప్పి పోయేవాళ్ళు. ఓబక్క కంప్యూటర్లో పేరు మార్చేది. ఇది కంపెనీ రూలు కాదు. కంపెనీకి ఇలాంటిదొకటి ఉందనే తెలియదు.

ఆ మూట విప్పమని మొదట అడిగింది కూడా ఓబక్కే. తల్లి పోయిన మూడో రోజు, పాలు పోసే కార్యంలో ఉండగా ఫోనొచ్చింది. స్టోరు దగ్గర ఏదో తగులుకుని అంతా ఆగిపోయిందట, జనం గేటు బయట ఎండలో ఉన్నారట, నువ్వు రాకపోతే కుదరదన్నారు. తడి జుట్టు ముడేసుకుని స్కూటీ ఎక్కి వచ్చింది. ఆ రోజు కిటికీ అవతల ఎవరూ అరవలేదు. పని అయ్యాక మేనేజరు ముందు నిలబడి ఏడ్చేసింది.

"ఒకటి చెడితే అన్నీ చెడే పెట్టె ఏం పెట్టె సార్? రేపు నేను చచ్చినా లేపేకి వస్తారు మీరు!"

కొన్ని నెలలకు అక్షత వచ్చింది. పావగడ పిల్ల, బెంగళూరులో ఇంజనీరు. కంపెనీ ప్లాంట్లన్నిటిలో పాత సాఫ్ట్‌వేర్ తీసేసి సర్వీసుల పద్ధతి పెట్టడం ఆమె పని. ఓబక్క పక్కన స్టూలు వేసుకుని వారం పాటు కూర్చుంది.

"ఇప్పుడుండేది ఉమ్మడి కాపురం అక్కా," అంది అక్షత. "ఒక పొయ్యి ఆరితే ఇంటిల్లిపాదికీ అన్నం లేదు. అందుకని వేరు కాపురాలు పెడతాం. గేటు ఒక సర్వీసు, పని పంచేది ఒక సర్వీసు. స్టోరు, వ్యాను, జీతాలు, దేని పొయ్యి దానిది. స్టోరు పడిపోయినా గేటు నడుస్తాది. జీతాల రూలు మారితే జీతాల సర్వీసు ఒక్కటే మారుస్తాం, మిగతావాటిని ముట్టుకునే పని లేదు. ఇదే గేటు సర్వీసును రేపు ఇంకో ప్లాంటులో కూడా వాడుకోవచ్చు."

"మరి ఒకింట్లో సంగతి ఇంకో ఇంటికి ఎట్ల తెలుస్తాది?"

"అడిగితే చెప్తాయి. ఏమేం అడగొచ్చు, దానికేం చెప్పల్ల అని ముందే రాసి పెడతాం. అంతకు మించి ఒకదాని ఇంట్లోకి ఇంకొకటి తొంగి చూడకూడదు. దీని బలమే అది."

"అడక్కపోతే?"

"అడక్కపోతే చెప్పవు." అక్షత నవ్వింది. "మన మాదిరి ఊరికే వాగవు అక్కా."

ఓబక్కా నవ్వింది. బదులు సంగతి అక్షతకు చెప్పాలని ఆమెకు తోచనేలేదు. దాచాలని కాదు. అన్నం తినేటప్పుడు చెయ్యి కడుక్కుంటామని ఎవరికైనా పనిగట్టుకుని చెప్తామా? అక్షత అడగలేదు, ఓబక్క చెప్పలేదు.

కొత్త పద్ధతి వచ్చింది. ఉన్నమాట చెప్పుకోవాలి, బాగానే పనిచేసింది. మొదటి నెలలోనే స్టోరు సర్వీసు రెండు రోజులు చచ్చి పడుంది. గేటుకు ఆ సంగతే తెలియదు. జనం ఎండలో నిలబడలేదు. జీతాలు తప్పుల్లేకుండా పడ్డాయి. ఓబక్క చాలా ఏళ్ళ తర్వాత సెలవు పెట్టి పెనుకొండలో చెల్లెలింటికి పోయి నాలుగు రోజులుంది. ఒక్క ఫోను రాలేదు. మొదటి రోజు హాయిగా అనిపించింది. తర్వాత తర్వాత, ఫోను పనిచేస్తోందో లేదోనని తానే మాటిమాటికీ తీసి చూసుకుంది.

తిరిగొచ్చేసరికి గది బోసిపోయి ఉంది. స్టోరు గుమాస్తాను పావగడకు మార్చారు. జీతాల పని బెంగళూరుకు పోయింది. పని పంచేది సూపర్‌వైజర్ల ఫోన్లలోకి వెళ్ళింది. గేటులో మొహం చూసి తలుపు తీసే మెషీను పెట్టారు. జనం అటునుంచి అటే లోపలికి పోతున్నారు, కిటికీ దగ్గర ఎవరికీ పని లేదు. భూమిచ్చిన మనిషి గనక ఓబక్కను తీసెయ్యలేదు. గోడకొక తెర తగిలించి, దాని మీద ఒక్కో సర్వీసుకు ఒక్కో దీపం పెట్టి, ఎర్రది వెలిగితే బెంగళూరుకు ఫోన్ చెయ్యమన్నారు. ఎర్రది వెలిగేదే కాదు. వెలగకపోవడమే మంచిదని ఆమెకూ తెలుసు. అయినా పొద్దున్నుంచి సాయంత్రం దాకా నోరు తెరిచే అవసరం లేకుండా కూర్చుంటే మనిషికి పిచ్చెక్కదా?

మొదట్లో ఇద్దరు ముగ్గురు వచ్చి పలకరించి పోయారు. తర్వాత దూరం నుంచే చెయ్యి ఊపారు. ఆ తర్వాత అదీ లేదు. వాళ్ళ తప్పేముంది, మండుటెండలో పనికి పోయేవాళ్ళకు పనిలేని పలకరింపులకు తీరిక ఎక్కడిది? ఒంటరితనం ఓబక్కకు కొత్త కాదు. అయితే ఇంట్లో ఎవరూ లేక ఒంటరిగా ఉండడం వేరు, అంతమంది కళ్ళెదుట తిరుగుతుండగా ఒంటరిగా ఉండడం వేరు. ఈ రెండోది ఆమెను బాగా కుంగదీసింది. మళ్ళీ ఎప్పుడైనా ఈ కిటికీ అవసరం పడకపోతుందా అని లోలోపల ఆశ పెట్టుకుని, రోజూ టైముకు వచ్చి కూర్చునేది.

వేసవిలో ఒక సాయంత్రం వ్యాన్లు వెళ్ళిపోయాయి. దీపాలన్నీ పచ్చగా ఉన్నాయి. ఓబక్క తోచక గేటు సర్వీసు తెరిచి, పొద్దున వచ్చినవాళ్ళ పేర్లు చదువుకుంటోంది. మనుషులు ఎలాగూ రారు, పేర్లయినా చూద్దామని ఈ మధ్య పట్టుకున్న అలవాటు. కెంచమ్మ పేరు పక్కన లోపలికి వచ్చిన గుర్తు ఉంది. బయటికి పోయిన గుర్తు లేదు.

కెంచమ్మ తన ఊరి మనిషే, ఒకప్పుడు గొర్రెలు కాసుకున్న ఇంటిది. ఓబక్క ఆ ఊరి వ్యాను తోలే బోరన్నకు ఫోన్ చేసింది.

"కెంచమ్మ ఎక్కినాదా బోరన్నా?"

"నా ఫోన్లో వచ్చిన పేర్లోళ్ళంతా ఎక్కినారక్కా. కెంచమ్మ పేరే లేదు. ఈ పొద్దు ఆమెకు పని లేదంట కదా?"

గేటు కాపలా మనిషిని అడిగితే, "మెషీను బాగానే ఉండాదక్కా" అన్నాడు. సూపర్‌వైజరును అడిగితే, "నా వరుసల్లో అందరూ పోయినారు. వెంకటక్క ఒకామె రాలేదు, ఆ వరుస ఖాళీ" అన్నాడు.

వెంకటక్క పేరు వినగానే ఓబక్కకు సంగతి అర్థమైంది. వెంకటక్కా కెంచమ్మా ఒకరికొకరు బదులు పోయేవాళ్ళు. కిటికీ పోయాక బదులు దాదాపు ఆగిపోయింది గానీ, ఈ పొద్దున పాత అలవాటు కొద్దీ వెంకటక్క బదులు కెంచమ్మ వచ్చింది. గేటు ఆమె మొహం చూసింది, అనుమతి ఉన్న మొహమే, తలుపు తీసింది. పని పంచే సర్వీసు గేటును 'వెంకటక్క వచ్చిందా' అని అడిగింది. గేటు లేదంది. 'మరెవరొచ్చారు' అని అది అడగలేదు, ఇది చెప్పలేదు. వ్యాను సర్వీసు పని సర్వీసును అడిగి, అది ఇచ్చిన పేర్లు పట్టుకుని పోయింది. వెంకటక్క జట్టువాళ్ళేమో కెంచమ్మ తన ఊరి వ్యానులో పోయి ఉంటుందనుకున్నారు. ఎవరూ అబద్ధమాడలేదు. అందరూ కలిసి ఒక మనిషిని వదిలేసి పోయారు.

కాపలా మనిషిని వెంటరమ్మని అరిచి, ఓబక్క స్కూటీ తీసింది. వెంకటక్క వరుస ప్లాంటు ఆ చివర. ప్యానెల్ నీడలో కెంచమ్మ పడుంది, పక్కన కొడవలి. ఎండదెబ్బ తగిలి ఎప్పుడు పడిందో ఏమో, పెదాలు అట్టగట్టుకుపోయాయి. మొహం మీద నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచింది.

"పిలిచినాను, పిలిచినాను. ఒక్కరన్నా పలకలేదక్కా," అంది.

ఓబక్క ఆమె తలను ఒళ్ళో పెట్టుకుని, కాపలా మనిషి పిలిపించిన బండి వచ్చేదాకా ఏడుస్తూ కూర్చుంది. పావగడ ఆసుపత్రిలో కెంచమ్మ కోలుకుంది.

అక్షత బెంగళూరు నుంచి పరుగున వచ్చింది. రాత్రుళ్ళు నిద్రపోలేదని మొహమే చెబుతోంది. అదే గదిలో, అదే స్టూలు మీద కూర్చుని బదులు సంగతంతా అడిగి తెలుసుకుంది.

"రెండు దోవలుండాయి అక్కా. ఒకటి, కిటికీ మళ్ళా తెరుస్తాం. బదులొచ్చేవాళ్ళు నీకు చెప్పి లోపలికి పోవల్ల. లేదంటే గేటే వ్యానుకు నేరుగా చెప్పేట్ల చేస్తా. లోపల ఒక్కరుండినా వ్యాను కదలకూడదు. మేనేజరు నిన్నే అడగమన్నాడు."

"రెండూ పెట్టకూడదా పాపా?"

"పెడితే ఒకరి మీద ఒకరు వదిలేస్తారక్కా. కిటికీలో చెప్పినాం కదా అని వీళ్ళు, గేటు చూసుకుంటాది కదా అని వాళ్ళు. ఏదో ఒకటే గట్టిగా చేయల్ల."

కిటికీ అన్న మాట ఓబక్క నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాటంటే చాలు, రేపటి నుంచే తలలు కనిపిస్తాయి, జ్వరాలూ కాన్పులూ గొర్రెలూ అన్నీ వినిపిస్తాయి. ఇన్నాళ్ళూ కోరుకున్నది అదే. ఎంత కోరుకుందో ఆ నిమిషంలో తెలిసి ఆమెకే సిగ్గేసింది. తర్వాత కెంచమ్మ పెదాలు గుర్తొచ్చాయి.

"నాకు జరమొచ్చి పండుకున్న రోజు ఎవరన్నా పడిపోతేనో?" అంది చివరకు. "గేటే చెప్పనీ తల్లీ."

అక్షత ఆమె చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. ఓబక్క ఆ రోజు ఇంటికి పోయి పొయ్యి వెలిగించకుండానే పడుకుంది.

కొత్త ఏర్పాటు సోమవారం మొదలైంది. సాయంత్రం జనం వ్యానెక్కారు. వ్యాను కదలలేదు. బోరన్న ఫోన్ చేశాడు.

"లోపల ఇంకా ఒకరుండారంట అక్కా. బండి తీయొద్దు అంటాండాది నా ఫోను. ఎవురో చూడు."

ఓబక్క గబగబా గేటు సర్వీసు తెరిచింది. రాత్రి కాపలా వాళ్ళను అక్షత ముందే లెక్కలోంచి తీసి పెట్టింది. ఇక మిగిలిన పేరు ఒక్కటే. ఓబక్క.

ఆమె తలెత్తి చూసింది. వ్యాను కిటికీల్లోంచి ఆడవాళ్ళంతా ఆఫీసు వైపే చూస్తున్నారు. కెంచమ్మ మెడ బయటకు సాచి మరీ చూస్తోంది. "ఎవురంటక్కా? యాడ పడిపోయినారో ఏమో!" అని ఎవరో కేకేశారు. అంతమంది తన కోసం ఆగి, ఆందోళనగా చూడడం ఆమె జన్మలో ఎరగదు. ఇంకాసేపు చూడనిద్దామా అనిపించింది. చూడనిచ్చింది కూడా, కొద్దిసేపు.

తర్వాత ఫోనులో, "ఎవురూ లేరు బోరన్నా. నేనే," అంది.

అక్షతకు ఫోన్ చేసి తన పేరు కూడా తీసెయ్యమంది. "అయ్యో, నువ్వుండావనే మరిచిపోయినా అక్కా, నిమిషం పని," అంది అక్షత.

నిమిషం కూడా పట్టలేదు. వ్యాను దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. లోపల ఎవరూ లేరని తెర మీద వచ్చింది. డ్యూటీ దిగే వేళ ఇంకా కాలేదు కాబట్టి ఓబక్క దాన్ని చూస్తూ కూర్చుంది.